ఇంటి సందర్శనలో మందుల చీటీలు, మందుల ఖర్చు: కమ్యూనిటీ నర్సులు అనుసరించదగిన విధానం

ఒక రోగి వాడుతున్న మందులన్నిటినీ ఒకే చోట, ఒకే సమయంలో చూసే అవకాశం సాధారణంగా ఏ డాక్టరుకూ రాదు. విశాఖపట్నంలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో చూసిన డాక్టరుకు ఆనాటి ఓపీ చీటీ మాత్రమే కనిపిస్తుంది. ప్రైవేటు ఆసుపత్రిలో చూసినవారికి తామిచ్చిన డిశ్చార్జ్ సమ్మరీయే ఆధారం. వీధి చివర మెడికల్ షాపులో తాము అమ్మిన మందుల సంగతే తెలుస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ళలకైతే చీటీయే ఉండదు. ఇవన్నీ వచ్చి చేరేది రోగి ఇంట్లోని ఒక ప్లాస్టిక్ కవరులోకి. ఆ కవరును తెరిచి చూడగలిగేది ఇంటికి వెళ్లే నర్సు ఒక్కరే. గ్రామ ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు), పట్టణ ఆరోగ్య కేంద్రాల ఏఎన్ఎంలు, హోమ్ కేర్ నర్సులు, కమ్యూనిటీ పోస్టింగులో ఉన్న నర్సింగు విద్యార్థులు ఆ అవకాశాన్ని ఎలా ఉపయోగించుకోవచ్చో, మందులు రాసే తీరును, వాటి ఖర్చును ఎలా లెక్కగట్టవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మన హద్దు ఏమిటో స్పష్టంగా ఉండాలి. బ్రిటన్‌లో 1992లో చేసిన చట్టం ద్వారా ఇంటింటికీ వెళ్లే నర్సులకు పరిమితమైన జాబితా నుంచి మందులు రాసే అధికారం వచ్చింది, ఆ తర్వాత అది బాగా విస్తరించింది. మన దగ్గర అటువంటి సాధారణ అధికారం నర్సులకు లేదు. ఆరోగ్య కేంద్రంలోని ఎంఎల్‌హెచ్‌పీ నిర్ణీత ప్రోటోకాల్ ప్రకారం కొన్ని మందులు ఇస్తారు. బీపీ, షుగర్ వంటి దీర్ఘవ్యాధులకు డాక్టరు రాసిన మందులను నెలనెలా అందిస్తారు. అవసరమైతే ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ అయిన ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడిస్తారు. మందు మార్చడం, ఆపడం, మోతాదు పెంచడం, తగ్గించడం డాక్టరు పని. కాబట్టి ఇక్కడ చెప్పే ప్రతి లెక్కా చివరకు డాక్టరు ముందు పెట్టవలసిన ఒక ప్రశ్నగా మారాలే తప్ప, రోగికి మనం ఇచ్చే ఆదేశంగా మారకూడదు.

మందులు బయటకు తీయించడం

"ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే "బీపీ బిళ్ళ, షుగర్ బిళ్ళ, గ్యాస్ బిళ్ళ" అన్న సమాధానమే వస్తుంది, దానితో మనకు పని జరగదు. ఇంట్లో ఉన్న మందులన్నీ, పాతవీ కొత్తవీ, చాప మీదో మంచం మీదో పరచమని అడగాలి. కంటి చుక్కలు, ఇన్‌హేలర్, ఇన్సులిన్, పూసుకునే ఆయింట్‌మెంటు, ఆయుర్వేదం మందులు, బలానికని తెచ్చుకున్న టానిక్కు కూడా అందులో ఉండాలి. ఇవి చాలామంది దృష్టిలో మందులు కావు గనుక మనం అడిగితే తప్ప బయటకు రావు. ఫ్రిజ్ తలుపులో, దేవుడి గూట్లో, దిండు కింద ఉన్నవి కూడా తెప్పించండి. నొప్పుల బిళ్ళలు ఎక్కువగా దిండు కిందే ఉంటాయి.

ఒక్కొక్క షీటునూ తిప్పి, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాలతో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఒక షీటులో ఎన్ని మాత్రలు, షీటు ధర ఎంత, గడువు ఎప్పటివరకు అన్నవి రాసుకోవాలి. ఆ పక్కనే ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎన్ని రోజులకు రాశారు, ఇప్పుడు ఏ పూట ఎన్ని వేసుకుంటున్నారు అన్నవి నమోదు చేయాలి. చీటీలో ఉన్నదీ, రోగి వేసుకుంటున్నదీ ఒకటేనని అనుకోవద్దు. రెండిటికీ రెండు గళ్ళు కేటాయించండి. కత్తిరించి అమ్మిన షీటు ముక్కల మీద పేరుగాని గడువుగాని మిగలని సందర్భాలు ఉంటాయి. అటువంటి ముక్కను "తెలియదు" అని రాసి పక్కన పెట్టాలే గాని, రంగును బట్టి పోల్చే ప్రయత్నం చేయవద్దు. అమ్మకం ఎక్కువగా ఉన్న 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడ్ ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి, పెట్టె లేదా షీటు మీద ఆ కోడ్ కనిపిస్తే ఫోనుతో స్కాన్ చేసి పేరు, గడువు సరిచూసుకోవచ్చు.

అడగవలసిన ప్రశ్నల్లో నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఒకటుంది: "అమ్మా, ఈ షీటు ఎప్పుడు కొన్నారు? అప్పుడు ఎన్ని తెచ్చారు?" రోజూ వేసుకుంటున్నారా అని అడిగితే అందరూ అవుననే అంటారు. 20 రోజుల క్రితం 30 మాత్రలు తెచ్చి, రోజుకు ఒకటి వేసుకోవలసిన చోట ఈరోజు 10 మిగలాలి. 18 మిగిలాయంటే 8 రోజులు మానేశారని అర్థం. జీతాల ముందు వారంలో షుగర్ బిళ్ళ రోజు విడిచి రోజు వేసుకునే కుటుంబాలు జ్ఞానాపురంలో, జాలరిపేటలో, ఆరిలోవలో, ఎక్కడైనా కనిపిస్తాయి. ఆ సంగతి తెలియని డాక్టరు షుగర్ అదుపులో లేదని మరో మందు చేరుస్తారు, దానితో ఖర్చు ఇంకా పెరుగుతుంది, మరుసటి నెల మానేసే రోజులూ పెరుగుతాయి. అందువల్ల డబ్బు చాలక మానేసిన రోజులను కూడా బీపీ, షుగర్ రీడింగులతో సమానంగా రికార్డులో రాయవలసిందే.

నెల ఖర్చు లెక్క

షీటు ధరను షీటులోని మాత్రల సంఖ్యతో భాగించి, రోజుకు వేసుకునే సంఖ్యతో, ఆపైన 30తో గుణిస్తే ఒక మందు నెల ఖర్చు వస్తుంది. ఇది చిన్న లెక్కే అయినా ఇక్కడ ఒక మెలిక ఉంది: షీటులో 10 మాత్రలే ఉంటాయన్న అలవాటు. ఇప్పుడు 14, 15, 20, 30 మాత్రల షీట్లు కూడా వస్తున్నాయి. 15 మాత్రల షీటు 120 రూపాయలు, 10 మాత్రల షీటు 95 రూపాయలు అయితే రెండోది చవకగా కనిపిస్తుంది గాని, మాత్ర చొప్పున చూస్తే మొదటిది 8 రూపాయలు, రెండోది తొమ్మిదిన్నర.

ఇన్సులిన్ లెక్క వేరు. ప్రభుత్వ కేంద్రాల్లోనూ షాపుల్లోనూ సాధారణంగా దొరికే 10 మిల్లీలీటర్ల సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల చొప్పున మొత్తం 400 యూనిట్లు ఉంటాయి. పొద్దున 20, రాత్రి 12 యూనిట్లు వేసుకునేవారికి రోజుకు 32 యూనిట్లు, నెలకు 960 యూనిట్లు, అంటే సుమారు రెండున్నర సీసాలు కావాలి. అదే రోజుకు 10 యూనిట్లే వేసుకునేవారికి లెక్క ప్రకారం ఒక సీసా 40 రోజులు రావాలి గాని, తెరిచిన సీసాను 28 రోజులకు మించి వాడకూడదు గనుక మిగిలినది పారేయక తప్పదు. వారికి నెలకు ఒక సీసాగానే లెక్క వేయాలి. ఇన్సులిన్ చూసేటప్పుడు సిరంజిని కూడా తప్పకుండా చూడండి. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 40 యూనిట్ల సీసా నుంచి నారింజ మూత సిరంజితో 20 గీత వరకు తీస్తే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. ఆ ఇంట్లో షుగర్ ఎందుకు తగ్గడం లేదో తెలుసుకోవడానికి అప్పుడు కొత్త మందు అక్కరలేదు, రెండు రూపాయలు తేడా లేని మరో సిరంజి చాలు.

ఇన్‌హేలరు మీద ఎన్ని పీల్పులు వస్తాయో రాసి ఉంటుంది. 200 పీల్పుల ఇన్‌హేలరును పూటకు రెండు చొప్పున రోజుకు రెండుసార్లు వాడితే 50 రోజులు వస్తుంది. పది రోజులకే అయిపోయిందంటే ఖర్చు సంగతి తర్వాత, ఆయాసం అదుపులో లేదని ముందు గుర్తించాలి. షుగర్ పరీక్ష స్ట్రిప్పులు, సూదులు, కట్టు సామాను, ఆసుపత్రికి వెళ్లే ఆటో ఛార్జీ కూడా పట్టిక చివర వేరుగా రాయండి. భీమిలి నుంచి ప్రతి నెలా కేజీహెచ్‌కు ఉచిత మందుల కోసం వచ్చే మనిషికి ఒక రోజు కూలి పోతుంది. ఆ కూలి కూడా మందు ఖర్చే.

ఒక పట్టికను చదవడం

లెక్క కోసం ఒక ఇంటిని ఊహించుకుందాం. కంచరపాలెంలో 62 ఏళ్ల గృహిణి. పదేళ్లుగా షుగర్, బీపీ; మోకాళ్ల నొప్పులు. ధరలు కూడా లెక్క కోసం అనుకున్నవే. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన ఒక బ్రాండు రోజుకు రెండు, నెలకు 660 రూపాయలు. వేరే డాక్టరు రాసిన, వేరే పేరున్న మరో షుగర్ బిళ్ళ రాత్రి ఒకటి, 270 రూపాయలు. టెల్మిసార్టన్, అమ్లోడిపిన్ కలిసిన బీపీ బిళ్ళ 300. ప్యాంటప్రజోల్, డోంపెరిడోన్ కలిసిన గ్యాస్ క్యాప్సూల్ 390. కాల్షియం 240. ఫ్యూరోసెమైడ్ 30. చీటీ లేకుండా తెచ్చుకునే అసెక్లోఫెనాక్ నొప్పుల బిళ్ళలు నెలకు ఓ పదిహేను, 90 రూపాయలు. మొత్తం 1,980.

ఈ పట్టికను రెండుసార్లు చదవాలి. మొదటిసారి ఖర్చు వరుసలో, పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తానికి. రెండోసారి ధరను పూర్తిగా మరిచిపోయి, ఒక మందుకూ మరో మందుకూ ఉన్న సంబంధాన్ని బట్టి. ఈ రెండు వరుసలూ ఒకటి కావు, చాలాసార్లు తలకిందులుగా ఉంటాయి.

ఖర్చు వరుసలో చూస్తే ముందు కనిపించేది షుగర్ మందు. రెండో షుగర్ బిళ్ళ షీటు వెనక్కి తిప్పి చదివితే అందులో కూడా గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మినే ఉన్నాయి. రెండు పేర్లు, ఒకటే మందు. ఇందులో నెలకు 270 రూపాయలు పోవడం ఒక నష్టం. రాత్రివేళ షుగర్ పడిపోయే ప్రమాదం అంతకంటే పెద్ద నష్టం. తెల్లవారుజామున చెమటలు, వణుకు, కలవరింతలు ఉన్నాయేమో వెంటనే అడగాలి, ఉంటే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఆ తర్వాత గ్యాస్ క్యాప్సూల్. ఎప్పుడో జ్వరం వచ్చినప్పుడు పది రోజులకు రాసినది నెలల తరబడి సాగుతోందా, లేక ఆస్పిరిన్ వంటి మందు వల్ల కడుపుకు రక్షణగా డాక్టరు కావాలనే కొనసాగిస్తున్నారా అన్నది చీటీ తేదీ చూస్తే తెలుస్తుంది. పైగా అరవై దాటినవారిలో డోంపెరిడోన్‌ను ఎక్కువ కాలం వాడితే గుండె లయ దెబ్బతినే అవకాశం ఉంది. కాల్షియం అవసరమా కాదా అన్నది డాక్టరు తేల్చాలి. బలం బిళ్ళలన్నీ వృథా అని కొట్టిపారేయడం కూడా సరికాదు: మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 లోపిస్తుంది, వారికి బీ12 రాశారంటే దానికి కారణం ఉన్నట్టే.

ఇక రెండో చదువు. ముప్పై రూపాయల ఫ్యూరోసెమైడ్ ఎందుకు వచ్చింది? పాదాలు వాచాయని. పాదాలు ఎందుకు వాచాయి? గుండె, మూత్రపిండాల సమస్య కావచ్చు. కానీ అమ్లోడిపిన్ మొదలుపెట్టాకే వాపు వచ్చి ఉంటే, అమ్లోడిపిన్‌కు తెలిసిన దుష్ప్రభావమే అది. ఒక మందు తెచ్చిన లక్షణాన్ని కొత్త జబ్బుగా భావించి మరో మందు రాయడం, దానివల్ల పొటాషియం తగ్గి కాళ్ల నొప్పులు వస్తే వాటికి మరొకటి తెచ్చుకోవడం, ఇలా గొలుసు సాగుతుంది. ఎనలాప్రిల్ వాడుతున్నవారి పొడి దగ్గుకు నెలల తరబడి దగ్గు సిరప్ తాగించడం కూడా ఇదే కోవలోనిది. దీన్ని పట్టుకోవడానికి ఫార్మకాలజీ పాండిత్యం అక్కరలేదు. ప్రతి మందు పక్కన మొదలైన తేదీ, ప్రతి లక్షణం పక్కన మొదలైన తేదీ రాస్తే వరుస దానంతట అదే కనిపిస్తుంది. చివరగా తొంభై రూపాయల నొప్పుల బిళ్ళ. అది బీపీని పెంచుతుంది, కడుపులో పుండుకు దారితీస్తుంది. టెల్మిసార్టన్, ఫ్యూరోసెమైడ్‌లతో కలిసినప్పుడు మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు మరీ ఎక్కువ. దాదాపు రెండు వేల రూపాయల పట్టికలో అత్యంత ప్రమాదకరమైన కూటమి అన్నిటికంటే చవకైన రెండు మందుల చుట్టూ ఉంది. ఖర్చు తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్న నర్సు దీన్ని చూడకుండానే వెళ్లిపోతుంది.

ధరలు వేరువేరుగా ఎందుకుంటాయి

రోగి బంధువులు తప్పకుండా అడిగే ప్రశ్న గనుక, ఈ విషయం కొంత తెలిసి ఉండాలి. 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్న మందులకు జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. మార్కెట్‌లో ఒక శాతం లేదా అంతకంటే ఎక్కువ వాటా ఉన్న బ్రాండ్లన్నిటి ధరల సగటు తీసి, దానికి చిల్లర వ్యాపారి లాభంగా 16 శాతం కలిపితే వచ్చేదే ఆ గరిష్ఠ ధర. 2022 జాబితాలో 384 మందులున్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, అమ్లోడిపిన్, టెల్మిసార్టన్, అటార్వాస్టాటిన్ విడివిడిగా అందులో ఉన్నాయి. జాబితాలో లేని మందుల ధరను కంపెనీ ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చు. రెండు మూడు మందులు కలిపిన బిళ్ళల్లో చాలావరకు ఆ జాబితాలో ఉండవు. విడిగా కొంటే అయ్యే ధరకూ, కలిపిన బిళ్ళ ధరకూ తేడా ఎంతో ప్రతిసారీ లెక్క వేసి చూడవలసిందే. అలాగని కలిపిన బిళ్ళ ఎప్పుడూ చెడ్డదేమీ కాదు. పూటకు అయిదారు మాత్రలు మింగలేక మానేసే ముసలివారికి రెండు మందులు ఒకే బిళ్ళలో ఉండడం మేలు, ఆ మేలుకు కొంత ధర చెల్లించినా నష్టం లేదు.

గరిష్ఠ ధర తెలుసుకోవడానికి ఫార్మా సహీ దామ్, జన ఔషధి కేంద్రాల ధరలకు జన ఔషధి సుగమ్ అన్న యాప్‌లు ఫోనులో ఉంచుకోండి. షాపు బోర్డు మీద "20 శాతం డిస్కౌంట్" అని ఉన్నంత మాత్రాన చవక అనుకోవద్దు: అచ్చువేసిన ధరే ఎక్కువగా ఉన్న బ్రాండు మీద 20 శాతం తగ్గించినా, పక్క షాపులో తగ్గింపు లేని మరో బ్రాండు కంటే ఎక్కువే కావచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కాబట్టి అంతకుముందు రాసుకున్న ధరలతో ఇప్పటి బిల్లును పోల్చేటప్పుడు ఆ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

అంతకంటే ఎక్కువ ఆదా ఇచ్చే సంగతి మరొకటి ఉంది, దీన్ని పట్టించుకునేవారు తక్కువ. పేటెంటు గడువు ముగిసిన వెంటనే ఒక మందు అనేక కంపెనీల నుంచి చవకగా వస్తుంది. షుగర్ మందుల్లో విల్డాగ్లిప్టిన్‌కు 2019 చివర్లో, సిటాగ్లిప్టిన్‌కు 2022లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌కు 2025లో అలాగే జరిగింది. పేటెంటు ఉన్న రోజుల్లో రాసిన ఖరీదైన బ్రాండునే పాత చీటీ చూపించి ఇప్పటికీ కొంటున్న ఇళ్లు ఉంటాయి. అదే మందు చవక బ్రాండులో రాయవచ్చా అని డాక్టరును ఒక్కమాట అడిగితే సరిపోయే విషయం ఇది.

బ్రాండు మార్పు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. షాపువారు గాని మనం గాని సొంతంగా మార్చకూడదు. మార్చినప్పుడు మందు పేరు, మిల్లీగ్రాములతో పాటు నెమ్మదిగా విడుదలయ్యే రకమా, మామూలు రకమా అన్నది కూడా ఒకటే కావాలి. మూర్ఛ మందులు, థైరాయిడ్ మందు, వార్ఫరిన్ వంటివాటిని నెలకో బ్రాండుగా మార్చడం మంచిది కాదు. ఏదో ఒకదాని మీద నిలకడగా ఉండాలి. జన ఔషధి కేంద్రానికి పంపేముందు మందు ఉందో లేదో ఫోనులో కనుక్కోండి. పెందుర్తి నుంచి బస్సెక్కి వెళ్లి "స్టాకు లేదు" అనిపించుకున్న మనిషి మళ్ళీ ఆ దారి తొక్కడు.

ఉచితంగా వచ్చే మందులు, మరిచిపోయిన హక్కులు

విశాఖపట్నంలో మందులు కొనే ముందు ఆ కుటుంబానికి ఏ ఆసుపత్రి మీద హక్కు ఉందో అడగడం ఒక తప్పనిసరి మెట్టు. ఇది నౌకాదళం, ఓడరేవు, ఉక్కు కర్మాగారం, రైల్వే, పరిశ్రమలు ఉన్న నగరం. రిటైరైన ఓడరేవు ఉద్యోగికి గోల్డెన్ జూబ్లీ ఆసుపత్రి, స్టీల్‌ప్లాంటు ఉద్యోగికి విశాఖ స్టీల్ జనరల్ ఆసుపత్రి, రైల్వేవారికి డివిజనల్ రైల్వే ఆసుపత్రి, మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు సీజీహెచ్‌ఎస్, కార్మికులకు ఈఎస్ఐ ఉన్నాయి. నియమాలు ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటాయి. భర్త పోయిన తర్వాత కార్డు పనిచేయదనుకుని బయట కొనుక్కుంటున్న స్త్రీలు గాజువాక, మల్కాపురం వైపు ఉంటారు. కార్డును బయటకు తీయించి, ఆ ఆసుపత్రిలో వాకబు చేయమని చెప్పండి.

ఎన్టీఆర్ వైద్యసేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉపయోగపడుతుంది; నెలనెలా కొనే బీపీ, షుగర్ మందుల భారం చాలావరకు ఇంటి మీదే పడుతుంది. 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు తమ జేబులోంచి పెట్టినదే. కాబట్టి ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మందులను పూర్తిగా ఉపయోగించుకోవాలి. అయితే ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఆరోగ్య కేంద్రం ఇచ్చిన అమ్లోడిపిన్ విడిగా, షాపులో కొన్న టెల్మిసార్టన్-అమ్లోడిపిన్ బిళ్ళ విడిగా రెండూ వేసుకునేవారు ఉంటారు, ఎందుకంటే షీట్లు వేరు, రంగులు వేరు. ఉచిత మందు ఇచ్చేటప్పుడు, ఇంట్లో ఉన్న ఏ షీటుకు బదులుగా ఇది ఇస్తున్నామో ఆ షీటును చేతికి తీసుకుని చూపించి చెప్పాలి.

ప్రాంతం మొత్తంలో మందులు రాసే తీరు

ఒక ఇంటి పట్టిక ఆ ఇంటికి పనికొస్తుంది. వంద చీటీలు కలిపి చూస్తే ఆ ప్రాంతంలో మందులు ఎలా రాస్తున్నారో తెలుస్తుంది. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో ఇచ్చిన అయిదు సూచికలు ఇప్పటికీ పనికివస్తాయి: చీటీకి సగటున ఎన్ని మందులు, అసలు పేరుతో రాసినవి ఎంత శాతం, యాంటీబయాటిక్ ఉన్న చీటీలు ఎంత శాతం, ఇంజక్షన్ ఉన్న చీటీలు ఎంత శాతం, అత్యవసర జాబితాలోని మందులు ఎంత శాతం. పరిశోధనకైతే 20 కేంద్రాల నుంచి 30 చొప్పున 600 చీటీలు కావాలంటారు. మన పని పరిశోధన కాదు గనుక ఒక వంద చాలు. దీర్ఘవ్యాధుల చీటీలను, జ్వరం, జలుబు వంటి తాత్కాలిక సమస్యల చీటీలను కలపకుండా వేరువేరుగా లెక్కించండి. కలిపితే ఆ సగటుకు అర్థమే ఉండదు.

వానాకాలంలో విశాఖలో జ్వరాలు పెరిగినప్పుడు తాత్కాలిక చీటీలనే నిశితంగా చూడాలి. యాంటీబయాటిక్ ఉందా లేదా అన్నదే కాక, ఏది అన్నది కూడా రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడదీస్తోంది: అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ వంటివి మొదటి వరుసలో వాడదగినవి, అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి నిరోధకత పెరిగే ముప్పు ఎక్కువ గనుక ఆచితూచి వాడవలసినవి, ఇక మూడో గుంపు చివరి అస్త్రంగా దాచుకోవలసినవి. జలుబు, దగ్గు చీటీల్లో రెండో గుంపు మందులే ఎక్కువగా కనిపిస్తే ఆ సంగతి మెడికల్ ఆఫీసరు దృష్టికి తీసుకువెళ్లాలి. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పుల మందులు గాని ఇంజక్షన్లు గాని కనిపిస్తే నెల చివరి లెక్క దాకా ఆగకూడదు, రక్తస్రావం ప్రమాదం ఉంటుంది గనుక అప్పుడే డాక్టరుకు ఫోను చేయాలి. "సూది వేస్తే గాని తగ్గదు" అన్న నమ్మకం మన వైపు బలంగా ఉంది. ఆ నమ్మకానికి డాక్టర్లతో పాటు రోగులూ కారణమే కాబట్టి, ఇంజక్షన్ ఉన్న చీటీ పక్కన "రోగి అడిగారా?" అన్న గడి కూడా పెడితే లెక్క న్యాయంగా ఉంటుంది.

ఈ లెక్కలో డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు, రోగి పేరు ఉండకూడదు. తప్పు పట్టుకోవడానికి చేసే లెక్కకు మరుసటి నెల ఎవరూ చీటీలు చూపించరు.

కట్లు, కాథెటర్లు

మంచం పట్టినవారి ఇళ్లలో మందుల కంటే ఈ సామానుకే ఎక్కువ ఖర్చవుతుంది. పుండుకు ఖరీదైన, వెండి కలిసిన (సిల్వర్) డ్రెస్సింగు రాసి ఉంటే, ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు తిరిగి చూస్తారో చీటీలో రాయించుకోండి. పుండు శుభ్రపడ్డాక కూడా అదే కొనసాగడం వృథా. యూరిన్ కాథెటర్‌ను ఒక్కొక్కదాని ధరతో కాక నెల లెక్కతో పోల్చాలి. మామూలు లేటెక్స్ కాథెటర్‌ను సుమారు నాలుగు వారాలకు మార్చాల్సి వస్తే, పూర్తి సిలికాన్ రకం పన్నెండు వారాల వరకు ఉండవచ్చు. మార్చిన ప్రతిసారీ అయ్యే నర్సు ఛార్జీ, రోగి పడే బాధ కలిపితే ఏది చవకో తేలుతుంది.

డాక్టరుకు రాసే కాగితం

ఒకే పేజీ. అంతకు మించితే రద్దీగా ఉన్న ఓపీలో ఎవరూ చదవరు. పైన రోగి వయసు, జబ్బులు, నేటి బీపీ, షుగర్, బరువు, ఇటీవలి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష). ఆ తర్వాత మందుల పట్టిక. చివర మూడు ప్రశ్నలకు మించకుండా, ప్రమాదం వరుసలో. పైన ఊహించుకున్న రోగికి అయితే ఇలా ఉండవచ్చు: "గౌరవనీయులైన డాక్టరుగారికి, రోగి గ్లిమెపిరైడ్-మెట్‌ఫార్మిన్‌ను రెండు బ్రాండు పేర్లతో వాడుతున్నారు, వారంలో రెండుసార్లు తెల్లవారుజామున చెమటలు పడుతున్నాయని చెప్పారు. రెండూ కొనసాగించాలా? అమ్లోడిపిన్ మొదలుపెట్టిన రెండు నెలలకు పాదాల వాపు, ఆపై ఫ్యూరోసెమైడ్. చీటీ లేకుండా అసెక్లోఫెనాక్ కూడా వాడుతున్నారు. దయచేసి పరిశీలించగలరు. నెలకు 1,980 రూపాయలు అవుతున్నందున చివరి వారం మందులు మానేస్తున్నారు, తగ్గించదగినవి ఉన్నాయా?" ఇందులో ఎక్కడా ఎవరి తప్పూ ఎత్తిచూపలేదు, మందు ఆపమన్న సలహా లేదు, ఉన్నవి తేదీలు, లక్షణాలు, ప్రశ్నలు. రోగి ఎదుట మాత్రం "ఈ మందు ఎందుకు రాశారో" వంటి మాట పొరపాటున కూడా అనవద్దు. ఆ మాట విన్న రోగి మిగతా మందులు కూడా మానేస్తారు.

డాక్టరు సమాధానం వచ్చేదాకా ఏదీ ఆపవద్దని రోగికి గట్టిగా చెప్పాలి. ఇన్సులిన్, మూర్ఛ మందులు, స్టీరాయిడ్లు, అటెనొలాల్, మెటొప్రొలాల్, క్లోనిడిన్, స్టెంట్ వేసిన తర్వాత ఇచ్చే క్లోపిడోగ్రెల్ వంటివాటిని ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు. షుగర్ పడిపోవడం, నల్లని విరేచనం, మూత్రం బాగా తగ్గడం, కొత్త ఆయాసం ఉంటే కాగితం రాస్తూ కూర్చోకుండా డాక్టరుకు ఫోను చేయాలి, అవసరమైతే 108 పిలవాలి. మందు వల్ల వచ్చిన హాని అని అనుమానం కలిగితే 1800-180-3024 నంబరుకు ఫార్మకోవిజిలెన్స్ వారికి నర్సు కూడా నేరుగా తెలియజేయవచ్చు.

మళ్ళీ వెళ్లినప్పుడు

డాక్టరు మార్పు చేసిన వారం పది రోజుల్లో తిరిగి వెళ్లి, మళ్ళీ కవరు తీయించండి. ఆపమన్న మందుల షీట్లు చాలావరకు అదే కవరులో ఉంటాయి, ఎందుకంటే డబ్బు పెట్టి కొన్నవి పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. కత్తిరించని షీట్లను బిల్లుతో సహా షాపు వెనక్కి తీసుకుంటుందేమో కనుక్కోమనండి. మిగిలినవాటిని వాడే మందుల నుంచి వేరుచేసి, "వాడకూడదు" అని రాసిన కవరులో ఉంచి ఆరోగ్య కేంద్రానికి తెప్పించండి. వాడిన ఇన్సులిన్ సూదులు మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో చేరాలి, చెత్త బండిలోకి విడిగా పోకూడదు. సముద్రపు తేమ ఎక్కువగా ఉన్న మన ఊళ్లో మాత్రలను షీటులోంచి తీసి డబ్బాలో పోసి ఉంచడం, పొయ్యి పక్క అరలో పెట్టడం మాన్పించండి. ఫ్రిజ్ లేని ఇంట్లో వాడుతున్న ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నీళ్లు తాకకుండా తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండలో ఉంచమనండి. సీసా తెరిచిన తేదీని దాని మీదే పెన్నుతో రాయించి, కొత్త పట్టికలో కూడా ఆ తేదీ వేసుకోండి.